రద్దీ సంతలో సరుకు కొనడం: కాటా చూడటం నుంచి సంచి సర్దడం దాకా

సంతలో బేరమాడి తగ్గించుకున్నది చాలాసార్లు తూకంలోనే పోతుంది. తూకం సరిగ్గా ఉన్నా, ఇంటికొచ్చి పుచ్చులూ కుళ్లులూ ఏరి పారేస్తే కిలో కాస్తా ముప్పావు కిలో అవుతుంది. కొత్తగా సంతకెళ్లేవాళ్లు బేరం మీద పెట్టే ధ్యాసలో సగమైనా కాటా మీద, సరుకు మీద పెడితే చాలు. ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి, ఎటునుంచి మొదలుపెట్టాలి అన్నవన్నీ ఆ రెండు పనులకూ తీరిక చిక్కడానికే.

బయల్దేరే ముందు

వారానికి సరిపడా కొనేటట్టయితే పొద్దున్నే వెళ్లండి. సంత మొదలైన గంట, గంటన్నరలోపు సరుకు తాజాగా ఉంటుంది, నిలబడి ఏరుకోవడానికి చోటూ ఉంటుంది. ఆ పూటకో మర్నాటికో వండేసే సరుకు చాలనుకుంటే చివరి గంట మేలు. ఆకుకూరలు, బాగా పండిన టమాటాలు, మెత్తబడే పళ్లు మర్నాటి అమ్మకానికి నిలవవు. మళ్లీ మూటకట్టి మోసుకుపోవడం అమ్మేవాళ్లకు దండగ కాబట్టి వాటి ధర దిగుతుంది. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంపలకు ఆ ఇబ్బంది లేదు. వాటి ధర దిగుతుందని సంత ముగిసేదాకా కాచుకుంటే మిగిలేది ఏరగా మిగిలిన సరుకే. రద్దీ మాంచి ఊపు మీదున్నప్పుడు మాత్రం రెండు విధాలా నష్టం: ఏరుకోనివ్వరు, ధరా తగ్గించరు.

కావలసినవాటి జాబితా రాసి, పక్కన కిలోలు కూడా వేసి కూడండి. మనం మోసేది ఎంతో ముందే తెలుస్తుంది. ఒక్కో చేతికి నాలుగైదు కిలోలు దాటితే ఇరుకు సందుల్లో నడవడమే కష్టం, ఇక ఆగి ఏరే ఓపికెక్కడిది? చక్రాల సంచి అక్కరకొస్తుంది కానీ జనం ఒత్తిడిలో అది వెనకవాళ్ల కాళ్లకు తగులుతుంది. సందు మొదట్లో ఎవరైనా తోడుంటే వాళ్ల దగ్గర ఉంచండి.

అడుగు వెడల్పుగా ఉండే గుడ్డ సంచులు రెండు, టమాటాలకూ మెత్తటి పళ్లకూ ఒక గట్టి డబ్బా, చేపో మాంసమో కొనేటట్టయితే నీరు కారని మందపాటి కవరు ఒకటి పెట్టుకోండి. మూత తీయని లీటరు నీళ్ల సీసా కూడా తీసుకెళ్లండి. అది దాహానికే కాదు, కాటాను పరీక్షించడానికీ పనికొస్తుంది.

డబ్బు రెండు చోట్ల ఉంచుకోవాలి. ఆ రోజు ఖర్చుకు సరిపడా చిన్న నోట్లూ చిల్లరా ముందు జేబులో, మిగతాది లోపలి జిప్పు అరలో. ప్రతి కొట్టు దగ్గరా పర్సు మొత్తం తెరిస్తే ఎంతుందో చుట్టుపక్కల వాళ్లందరికీ చూపించినట్టే. ఫోన్‌తో చెల్లించడం ఎంత అలవాటైనా కొంత నగదు ఉండాలి. వేలమంది ఒకేచోట గుమిగూడితే నెట్‌వర్క్ నత్తనడక నడుస్తుంది. ఒకసారి ఆగిపోయిన చెల్లింపు వెళ్లిందో లేదో తేలకముందే మళ్లీ పంపకండి, రెండుసార్లు పోవచ్చు. కోడ్ స్కాన్ చేశాక తెర మీద వచ్చిన పేరు చదివి వినిపించి, అవునన్నాకే అంకె కొట్టండి. పక్క కొట్టువాళ్ల కోడ్‌కి డబ్బు పోవడం ఇరుకు సంతల్లో తరచూ జరిగేదే.

మొదటి చుట్టు ఉత్త చేతులతో

లోపలికి వెళ్లగానే కొనకండి. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడిచి రండి. మీ జాబితాలో ఎక్కువ బరువున్న నాలుగైదు సరుకుల ధరలు గుర్తుపెట్టుకుంటే చాలు, అన్నిటివీ అక్కర్లేదు. దారి మొదట్లో, మలుపుల దగ్గర ఉన్న కొట్లకు గిరాకీ దానంతటదే వస్తుంది. అలాంటి చోట్ల ధర కాస్త ఎక్కువే ఉంటుంది. లోపలి వరసల్లో నేల మీద గోనె పరుచుకుని రెండు మూడు రకాలే పెట్టుకున్నవాళ్లను గమనించండి. తాము పండించినదే తెచ్చినవాళ్లయితే రకాలు తక్కువగా ఉంటాయి, సైజులు కలగలుపుగా ఉంటాయి, ఆకుకూర వేళ్లకు ఇంకా మన్ను అంటుకుని ఉంటుంది.

కేకేసే ధర దేనికో అడగండి. గట్టిగా వినబడే అంకె చాలాసార్లు అరకిలోదో పావుకిలోదో అయి ఉంటుంది. ఒకచోట కిలో లెక్క, పక్కన కట్ట లెక్క, ఆ పక్కన పోగు లెక్క ఉంటే పోల్చడం కుదరదు కాబట్టి అన్నిటినీ మనసులో కిలోకి మార్చుకోండి. కట్టలైతే మొదళ్ల దగ్గర గుప్పిట్లో పట్టి నొక్కి చూడండి. పైకి గుబురుగా కనిపించే కట్ట గుప్పిట్లోకి వచ్చేసరికి సగమవుతుంది. పోగు కొనేటప్పుడు పై వరస చూసి మురిసిపోవద్దు. నునుపైనవి పైన, సన్నవీ దెబ్బతిన్నవీ అడుగున పెట్టడం పోగు పేర్చేవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. సంచిలో పోసేటప్పుడు ఒక్కొక్కటీ చూస్తూ పోయించుకోండి.

కాటా దగ్గర

సరుకు పెట్టకముందు కాటా సున్నా చూపించాలి. తూకంలో తేడాలు సగం ఇక్కడే పట్టుబడతాయి. అంకెలు అమ్మేవాళ్ల వైపు తిరిగి ఉంటే మీ వైపు తిప్పమని అడగండి. గిన్నెలోనో ట్రేలోనో పెట్టి తూచేటప్పుడు ఖాళీ గిన్నె కాటా మీద ఉండగా సున్నా కనబడాలి. లేకపోతే ఆ గిన్నె బరువుకు కూడా మీరు డబ్బిచ్చినట్టే. గిన్నె తీసేశాక అంకె ముందు మైనస్ గుర్తు వస్తే కంగారు పడకండి, గిన్నె బరువును మినహాయించారనే దానర్థం.

సరుకు ధబాలున వేసినప్పుడు అంకె ఒక్కసారి పైకెగిరి కిందికి దిగుతుంది. చురుకైన చెయ్యి ఆ పైకెగిరిన అంకె చెప్పేసి సరుకు తీసేస్తుంది. అంకె కదలకుండా నిలబడే వరకు, అంటే రెండు మూడు సెకన్లు, సరుకు కాటా మీదే ఉండాలి. కాటా పళ్లెం పక్కనున్న బస్తాకో, గోడకో, వేలాడే పట్టాకో ఆనుకుని ఉన్నా, బల్ల వాలుగా ఉన్నా తూకం తప్పుతుంది. ఇందులో మోసమే ఉండాలని లేదు, ఇరుకులో అలా జరిగిపోతుంది. కొంచెం ఇటు జరపమంటే చాలు.

ఇక నీళ్ల సీసా సంగతి. లీటరు నీళ్లు దాదాపు కిలో తూగుతాయి. ఖాళీ పలుచటి ప్లాస్టిక్ సీసా బరువు మహా అయితే కొద్ది పదుల గ్రాములు. అంటే మూత తీయని లీటరు సీసా కిలో మీద కొద్దిగా మాత్రమే చూపించాలి. ఇంట్లో నమ్మకమైన కాటా ఉంటే ముందే తూచి, ఆ అంకె సీసా మీదే మార్కర్‌తో రాసుకోండి. సంత కాటా అంతకంటే వంద గ్రాములు ఎక్కువ చూపిస్తే, ఆ కొట్లో మీరు కొనే ప్రతి కిలోకూ దాదాపు వంద గ్రాములు పోతున్నట్టే. ఈ పరీక్ష సరుకు ఏరకముందే చెయ్యాలి. ధర తేలి, సరుకు సంచిలో పడ్డాక సీసా తీస్తే గొడవకే దారి. అలా పెట్టడం మొహమాటమైతే ఒక చోట కొన్న కిలో సరుకును తర్వాత కొనే కొట్టులో ఒకసారి తూచమనండి. కొన్ని సంతల్లో కొనేవాళ్లు సరిచూసుకోవడానికి విడిగా తనిఖీ కాటా ఉంచుతారు. ఉంటే అంతకంటే సులువు లేదు.

రెండు పళ్లేల తక్కెడైతే పరీక్ష వేరు. ఖాళీగా ఎత్తినప్పుడు ముల్లు నడిమధ్య నిలవాలి, గొలుసులు మెలిపడి ఉండకూడదు. ఖాళీ పళ్లేలు సమంగా నిలిచినా కాడ రెండు వైపులా సమంగా ఉందని అనుకోవడానికి లేదు. అనుమానమొస్తే సరుకున్న పళ్లెంలోకి తూకపు రాళ్లు, రాళ్లున్న పళ్లెంలోకి సరుకు మార్చి ఎత్తించండి. కాడ సమంగా ఉంటే ఈసారీ తూగుతుంది, లేకపోతే ఒకవైపు మొగ్గిపోతుంది. ముద్ర లేని ఇనప ముక్కలు, నదిరాళ్లు, బోల్టులు తూకపు రాళ్లుగా వాడుతుంటే అక్కడ కిలో లెక్కన కొనకండి. పళ్లెం అడుగు కూడా ఒకసారి చూడొచ్చు, మైనమో అయస్కాంతమో అంటించి ఉండటం కొత్త సంగతేం కాదు. స్ప్రింగు కాటా విషయంలో, వాడగా వాడగా సాగిపోయిన స్ప్రింగు అదే బరువుకు ఎక్కువ కిందికి దిగి ఎక్కువ చూపిస్తుంది. నష్టం మీదే. ముల్లును కళ్లకు తిన్నగా ఉన్నప్పుడే చదవాలి, వంగి పైనుంచో పక్కనుంచో చూస్తే గీత మారిపోతుంది.

పెద్ద బస్తాలు తూచే కాటా మీద యాభై గ్రాముల అల్లం తూయించకండి, దాని ఒక్క గీతే అంత ఉండొచ్చు. చిన్న మొత్తాలు చిన్న కాటా మీదే తూగాలి. సరుకు 860 గ్రాములు తూగితే 900కు డబ్బు చెప్పడం మామూలు. గొడవపడే బదులు, తొమ్మిది వందలకు నిండించమని ఇంకో రెండు కాయలు వేయించుకోండి. ఇద్దరికీ సమ్మతమే.

ఏరుకోవడం

బెండకాయ కొస విరిస్తే టప్పున విరగాలి. వంగి పీచు తేలితే ముదిరిందన్నమాట. అలాగని కుప్పలో కనబడ్డ ప్రతి కాయ కొసా విరవడం తప్పు. విరిచిన కాయ ఎవరూ కొనరు, అమ్మేవాళ్లకు అది నష్టమే. రెండు కాయలు విరిచి చూసి, మిగతావి సైజునుబట్టీ నూగునుబట్టీ ఏరుకోవచ్చు.

వంకాయ దగ్గర చూడాల్సింది తొడిమ. పచ్చగా, కాయను గట్టిగా పట్టుకుని ఉంటే తాజాది. తొడిమ ఎండి గోధుమరంగుకు తిరిగిందంటే కోసి చాలా కాలమైంది. తొక్క మెరవాలి, వేలితో నొక్కితే వెంటనే సర్దుకోవాలి. నొక్కిన గుంట అలాగే ఉండిపోతే లోపల గింజ ముదిరింది లేదా కాయ వడలింది. పుచ్చు పట్టిన కాయ కూడా పైకి నిగనిగలాడొచ్చు. ఎక్కడైనా గుండుసూది దూరేంత రంధ్రం ఉందేమో చూడండి, ముఖ్యంగా తొడిమ అంచు ఎత్తి చూడండి. ఆ చిన్న రంధ్రం ఉందంటే లోపల పురుగు తిన్న దారి ఉండే అవకాశమే ఎక్కువ.

సొర, బీర, దోస లాంటివి సైజుకు తగ్గ బరువుతో, గట్టిగా, తొక్క లేతగా ఉండాలి. లేత సొరకాయ మీద గోరు ఇట్టే దిగుతుంది. ఇదీ బెండకాయ లాంటి పరీక్షే, ఒక కాయతో సరిపెట్టుకోండి. బీరకాయ ఈనెలు ముదురాకుపచ్చగా గట్టిపడి ఉంటే పీచు తప్పదు.

బంగాళాదుంపల్లో పచ్చ మచ్చలున్నవీ మొలకలొచ్చినవీ వద్దు. వెలుతురు తగిలినప్పుడు పచ్చబడేచోట సొలనిన్ వంటి విషపదార్థాలు కూడా పెరుగుతాయి, ఉడికించినంత మాత్రాన అవి పోవు. ఉల్లిపాయ మెడ ఎండి సన్నగా బిగిసి ఉండాలి. మెడ దగ్గర బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగితే లోపలి పొర కుళ్లుతున్నట్టే, పైన ఎంత గట్టిగా ఉన్నా ఆ వాసన ఇంటికొచ్చాక బస్తాకంతా పాకుతుంది. తొక్క కింద నల్లటి పొడి కనబడితే అది బూజు.

ఆకుకూరల మీద నీళ్లు చల్లుతూ ఉంటారు. ఎండకు వాడిపోకుండా చల్లడం అవసరమే కానీ, తూకానికి కొనేటప్పుడు ఆ నీళ్లకూ డబ్బిస్తున్నారు. కట్టను తలకిందులు చేసి రెండుసార్లు విదిలించి తూయించండి. కట్ట నడుం దగ్గర కొంచెం విప్పి వాసన చూడండి. పై ఆకులు కళకళలాడుతున్నా, తాడు బిగించిన చోట నలిగి జిగురొచ్చి ఉంటే సాయంత్రానికి కట్టంతా పోతుంది.

పుచ్చకాయ నేలకు ఆనిన చోట తెల్లగా ఉంటే ఇంకా పండలేదు, వెన్న పసుపుకు తిరిగి ఉండాలి. ఒకే సైజువి రెండు చేతుల్లోకి తీసుకుని బరువుగా ఉన్నది ఎంచుకోండి. కోసి పరిచిపెట్టిన పళ్ల ముక్కలు మాత్రం వద్దు. కత్తి, నీళ్లు, ఈగలు, ఎండ అన్నీ ఆ ముక్కల మీదే.

చేప కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, లోపలికి గుంటపడి తెల్లబారితే పాతది. మొప్పలెత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. ఒంటి మీద వేలితో నొక్కితే గుంట వెంటనే పూడిపోవాలి. వాసన నీటి వాసనలా ఉంటే సరే, ముక్కుకు ఘాటుగా కొట్టిందంటే వదిలేయండి. ధర శుభ్రం చేయకముందు తూకానికా, చేశాక తూకానికా అన్నది ముందే తేల్చుకోండి. తల, పొలుసు, పేగులు పోయాక బరువు బాగా తగ్గుతుంది, అక్కడే ఎక్కువ తకరారు వచ్చేది.

బేరం

దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బేరం తూకానికి ముందే జరగాలి. తూచాక, కోశాక, శుభ్రం చేయించాక తగ్గించమంటే వినరు, వినకపోవడమూ న్యాయమే. ఒక్కో సరుకు ఒక్కో చోట కొనేకన్నా నాలుగు రకాలు ఒకేచోట తీసుకుని మొత్తం మీద తగ్గించమంటే ఎక్కువ కలిసొస్తుంది. ధర దిగనివాళ్లు కూడా కొసరుగా నాలుగు కాయలు వేయడానికి వెనకాడరు. ఒక్క కట్ట ఆకుకూర దగ్గర పది నిమిషాలు వాదించడం ఇద్దరికీ దండగ. ఇస్తానన్న ధరకు వాళ్లు ఒప్పుకున్నాక కొనకుండా వెళ్లిపోవడం మాత్రం మర్యాద కాదు. చిల్లర అక్కడే లెక్కపెట్టుకోండి, జనం తోస్తున్నారని తర్వాత చూద్దామనుకుంటే తేడా వచ్చినా ఎవరూ ఒప్పుకోరు.

జనం మధ్య

జనం ఏ వైపు కదులుతుంటే ఆ వైపే నడవండి. ఆగాలంటే దారి మధ్యలో ఆగకండి, రెండు కొట్ల సందులోకి జరిగి నిలబడండి. తలెత్తి చూడటం ఎంత అవసరమో కాళ్ల కింద చూడటమూ అంతే. పట్టాలు కట్టిన తాళ్లు మెడ ఎత్తులో, వాటి మేకులు పాదాల ఎత్తులో ఉంటాయి. చేపల వరసలో నేల ఎప్పుడూ జారుడే కాబట్టి పట్టున్న చెప్పులు వేసుకోవాలి.

జేబుదొంగలకు కావలసింది మీ ధ్యాస ఇంకోవైపు మళ్లడం. ఎవరో గట్టిగా తగలడం, చేతిలోది ఒలికించడం, ముందున్న మనిషి ఉన్నట్టుండి ఆగిపోవడం జరిగితే వెంటనే జేబు తడుముకోవడం కాదు, సంచి మీద చెయ్యి గట్టిగా వేయండి. తడుముకుంటే డబ్బెక్కడుందో మీరే చూపించినవాళ్లవుతారు. వీపు సంచిని పొట్ట మీదికి తిప్పుకోండి. వెనక జేబులో ఫోన్ పెట్టకండి.

పిల్లలు వెంట ఉంటే మీ ఫోన్ నంబరు కాగితం మీద రాసి వాళ్ల జేబులో పెట్టండి. తప్పిపోతే ఎక్కడ కలవాలో లోపలికి వెళ్లకముందే చూపించండి. కదలని గుర్తు, ఒక గోడో, మెట్లో, నీళ్ల ట్యాంకో అయి ఉండాలి. తోపుడు బండిని గుర్తుగా పెట్టుకుంటే అది గంటలో ఇంకో చోట ఉంటుంది. అన్ని వైపులా మనుషులు ఒంటికి తగులుతూ మీ అడుగు మీ చేతిలో లేకుండా పోతోందంటే ఇక కొనుగోలు ఆపేయండి. చేతులు ఛాతీ ముందు మడిచి పెట్టుకుని, జనానికి ఎదురు వెళ్లకుండా, ఏటవాలుగా అంచు వైపు జరుగుతూ బయటపడండి. కింద పడ్డదాని కోసం వంగకండి.

సంచి, ఆ తర్వాత

బరువైనవి ముందు కొనాలన్నది చాలామంది పాటించే పద్ధతి. మధ్యలో సంచి ఎక్కడైనా ఉంచే వీలుంటేనే అది సరి. లేకపోతే ముందు ఆకుకూరలూ తేలిక సరుకూ ఏరుకుని, దుంపలూ ఉల్లీ చివర బయటికొచ్చే దారిలో కొనండి. అప్పుడు వాటికి రెండో సంచి వాడాలి, ఆకుల మీద దుంపలు పోస్తే ఇంటికి పచ్చడే చేరుతుంది. చేప, మాంసం అన్నిటికంటే చివర. బయటి వేడిలో రెండు గంటలు దాటనివ్వకండి, ఎండ 32 డిగ్రీలు మించితే ఒక్క గంటే గడువు. దారి దూరమైతే అమ్మేవాళ్లనే ఐసు ముక్కలు వేయమనండి. రక్తం, నీరు కూరగాయలకు తగలకుండా ఆ కవరును వేరే చేతిలో పట్టుకోవాలి.

ఇంటికి రాగానే ప్లాస్టిక్ సంచుల మూతులు విప్పండి. చెమ్మ పట్టి ఉంటే రాత్రికే కుళ్లు మొదలవుతుంది. ఆకుకూరలు కడగకుండానే చెత్త ఏరి పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, వండే ముందు కడుక్కోండి. ఉల్లి, బంగాళాదుంప రెండూ చీకటిగా గాలాడేచోట ఉండాలి కానీ పక్కపక్కన వద్దు, దుంపలు త్వరగా మొలకెత్తొచ్చు. పండిన అరటిపళ్లు, టమాటాలు ఇథిలీన్ వాయువు వదులుతాయి, అది తగిలితే ఆకులు పసుపెక్కుతాయి. పచ్చి టమాటాలను త్వరగా పండించుకోవాలనుకుంటే మాత్రం అరటిపండు పక్కన పెట్టడమే మంచిది.

సొరకాయ, బీరకాయ, దోసకాయలను తరిగేటప్పుడు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూసి ఉమ్మేయండి. చేదుగా ఉంటే, ఎంత డబ్బు పెట్టి కొన్నదైనా సరే, కాయ మొత్తం పారేయండి. ఆ చేదు కుకర్బిటాసిన్లు అనే విషపదార్థాల వల్ల వస్తుంది. ఉడికించినా, ఉప్పు రాసి పిండినా నమ్మకంగా పోదు, తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పచ్చి రసం తాగినవాళ్లకు రక్తం పడేదాకా వచ్చిన సందర్భాలున్నాయి.